రక్తం పనికిరాదన్న ఇద్దరు

ఆ ఇంట్లో రోజు మొదలయ్యేది బీట్‌రూట్ రసంతో. వంటగదిలో మిక్సీ చప్పుడు ఆగిందంటే మిగిలిన ముగ్గురికీ గుండె జారేది. అత్తగారు నాలుగు గ్లాసులు బల్ల మీద వరసగా పెట్టి, ఒక్కో గ్లాసు పక్కన మూతెడు ఐరన్ టానిక్ పోసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది.

"తాగండి. అడుగున మిగిలిస్తే మళ్లీ నింపుతాను."

"అత్తయ్యా, నా ఒంట్లో రక్తమంతా ఎప్పుడో బీట్‌రూట్ అయిపోయింది. గుచ్చితే రసమే వస్తుంది," అంది కొత్త కోడలు.

"రానీ. పట్టి మీ మామయ్యకి పోస్తాను. ఆయన సగం తొట్లో పారబోస్తున్నాడని నాకు తెలియదనుకుంటున్నాడు."

మామగారు పేపరు కాస్త పైకెత్తి మొహం దాచుకున్నాడు.

కోడలికి ఇదంతా పండగలా ఉండేది. పెళ్లయి ఏడాది కాలేదు. ఒకే కప్పులో రెండు టూత్‌బ్రష్‌లు ఒకదాని భుజం మీద ఒకటి తల వాల్చుకుని ఉంటే చూసి నవ్వుకునే రోజులవి. రసం తాగాక మొగుడూ పెళ్లాలిద్దరూ అద్దం ముందు నిలబడి, ఎవరి నాలుక ఎక్కువ ఎర్రగా ఉందో పోటీ పెట్టుకునేవారు. అత్తమామల ముందు "మీరు" అనీ, గదిలోకి వెళ్లగానే "నువ్వు" అనీ పిలవడంలో ఆమె రోజుకొక్కసారైనా తడబడేది. తడబడినప్పుడల్లా అతను అందరి ముందూ గంభీరంగా "చెప్పండి" అనేవాడు.

బీట్‌రూట్ ఎందుకంటే, ఆ ఇంట్లో అందరివీ పాలిపోయిన మొహాలే. అందుకు ఎవరూ సిగ్గుపడేవారు కాదు, పైగా గొప్పగా చెప్పుకునేవారు.

"మా ఇంటి కళే అంత," అనేవాడు మామగారు. ఆయన బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. "మా అమ్మా ఇంతే, మా నాయనమ్మా ఇంతే. ఎంత ఎండలో తిరిగినా మొహం వెన్నెల్లా ఉండేది. మీ అత్తయ్యని చూడ్డానికి వెళ్లినప్పుడు మా అమ్మ గుమ్మంలోనే చెప్పేసింది, ఇది మనింటి రంగే, ఇంకేం చూడక్కర్లేదని. నువ్వు మొదటిసారి ఈ ఇంటికి వచ్చినప్పుడు నేనూ అదే మాటన్నాను, అడుగు మీ ఆయన్ని."

అన్నాడు, నిజమే. ఆ మాటకి ఆమె ఎంత పొంగిపోయిందో. అందమని మురిసిపోతున్నది అసలు ఏమిటో ఒక్కసారి ఆగి చూద్దామని ఆ ఇంట్లో ఇన్ని తరాలుగా ఎవరికీ తోచలేదు. మనలో మాత్రం ఎంతమందికి తోస్తుంది?

మొగుడూ పెళ్లాలిద్దరూ పనిచేసేది ఒకే బూట్ల ఫ్యాక్టరీలో. అతను తోలు కత్తిరించే విభాగం. అక్కడ అతన్ని అందరూ "సున్నం" అని పిలిచేవారు, గోడకి ఆనుకుంటే కనిపించడని. ఆమె జతల బల్ల దగ్గర. కుడికాలి బూట్లు ఒక వరసలో, ఎడమకాలివి ఇంకో వరసలో తయారై వస్తాయి. వాటిని పక్కపక్కన పెట్టి, రంగు, కుట్టు, మడమ ఎత్తు పోల్చి చూసి, కుదిరిన రెండింటినీ లేసులతో ముడివేయడం ఆమె పని. అందుకే ఆమె "జతలమ్మాయి" అయింది.

వాళ్ల సొంత జత ఎలా కుదిరిందో ఎవరడిగినా ఇద్దరూ ఒకరి మాట ఒకరు లాక్కుంటూ చెప్పేవారు. ఫ్యాక్టరీలో ఒకసారి రక్తదాన శిబిరం పెట్టారు. వేలు గుచ్చి చుక్క చూసిన నర్సు ఆమెతో, "మీకే చాలదమ్మా, ఇంకెవరికిస్తారు? వెళ్లి ఆ బెంచీ మీద కూర్చోండి," అంది. బెంచీ మీద అప్పటికే సున్నం కూర్చుని ఉన్నాడు. అతని రక్తమూ పనికిరాదన్నారు.

"రక్తమిచ్చినవాళ్లకి బిస్కెట్లు ఇస్తున్నారు," అన్నాడతను, బల్ల వైపు ఆశగా చూస్తూ.

"మనం ఇవ్వలేదుగా."

"ఇద్దామనే వచ్చాంగా. ఆ అనుకున్నదానికి సగం ప్యాకెట్టైనా రాదా?"

అతను ఎలా తెచ్చాడో తెచ్చాడు. సగం ప్యాకెట్టుతో మొదలైన కబుర్లు పెళ్లి దాకా వెళ్లాయి. "మా ఇద్దరినీ కలిపింది రక్తం లేకపోవడమే," అని చెప్పి నవ్వించేవారు. ఆ కథ చెప్పుకోవడం వాళ్లకెంత ఇష్టమో.

ఆమెకి చిన్నప్పటినుంచీ ఒక గుణం ఉంది. ఏదైనా లెక్క కుదరకపోతే మనసు ఊరుకోదు. నెలల తరబడి బీట్‌రూట్, టానిక్ తాగుతున్నా ఫ్యాక్టరీ ఆరోగ్య పరీక్షలో రక్తం రవ్వంత కూడా పెరగలేదు. బాధేం కలగలేదు గానీ భలే విచిత్రంగా అనిపించింది. ఇంత ఎరుపు లోపలికి వెళ్తోంది, అదంతా ఎక్కడికి పోతోంది? ఆ ప్రశ్న పట్టుకుని ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్లింది. పిల్లల్ని కనబోయేముందు చేయించుకోవలసిన పరీక్షలు కూడా అక్కడే ఉంటాయని విన్నది.

డాక్టరమ్మ నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి. ఈమె ప్రశ్నలకి విసుక్కోకపోగా ఆవిడకే హుషారు వచ్చింది. రెండోసారి వెళ్లినప్పుడు సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది.

"చూడు, ఇవి నీ రక్తకణాలు."

గులాబీ రంగు చుక్కలు. కిక్కిరిసి ఉన్నాయి. "ఇవన్నీ నావేనా?" అని ఆమె పిల్లలా అడిగింది.

"అన్నీ నీవే. మామూలువాటి కంటే చిన్నవి. కానీ లెక్కకి తక్కువేం లేవు. నీ ఒంట్లో ఐరన్ కూడా నిండుగా ఉంది. ఆ టానిక్ నీకు అక్కర్లేదు, ఈ రోజే ఆపేయ్."

"మరి రక్తం తక్కువంటారేం?"

"తలసీమియా అనే జబ్బు ఒకటి ఉంది. అది నీకు లేదు, ఎప్పటికీ రాదు. దాని తాలూకు జన్యువు ఒకటి మాత్రం నీలో ఉంది. కణాలు చిన్నవై పరీక్షలో రక్తం తక్కువ చూపించేది అందుకే. నీ పని నువ్వు చేసుకుంటావు, పరుగెత్తుతావు, ముసలిదానివి అవుతావు. ఇలాంటివాళ్లని మేం క్యారియర్ అంటాం. అది జబ్బు కాదు."

ఆమె ఊపిరి పీల్చుకుంది. బీట్‌రూట్ పీడ విరగడైందని నవ్వబోయింది కూడా.

"మీ ఆయనకి ఎలా ఉంటుంది? ఎప్పుడైనా రక్తపరీక్ష చేయించారా?" అని డాక్టరమ్మ మామూలుగానే అడిగింది.

బెంచీ గుర్తొచ్చింది. సగం ప్యాకెట్టు బిస్కెట్లు గుర్తొచ్చాయి. ఎన్నిసార్లు చెప్పి ఎంతమందిని నవ్వించిందో ఆ కథ, ఇప్పుడు నోటికి రాలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పింది.

"క్యారియరా? అది అన్నం పట్టుకెళ్లేదే కదా," అంది అత్తగారు, ఏం చెప్పాలో తోచక. తర్వాత గొంతు తగ్గించింది. "ఈ మాట బయట ఎక్కడా అనకమ్మా. ఎవరు ఎలా అనుకుంటారో."

"జబ్బు కాదత్తయ్యా."

"కాదని మనకి తెలుసు. వాళ్లకి తెలియద్దూ."

భర్త ఏమైనా అంటాడని చూసింది. అతను నీళ్ల గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

"ఈయన కూడా చేయించుకోవాలట," అంది ఆమె. "ఇద్దరిలోనూ ఉంటేనే బిడ్డకి ప్రమాదమట. ఒక్కరిలోనే ఉంటే ఏమీ కాదట."

మామగారు ఎవరైనా జోరుగా మాట్లాడుతుంటే కుడికాలు నేలకి నొక్కుతాడు, బ్రేకు వేసినట్టు. ఇప్పుడూ నొక్కాడు. "వాడికేం పరీక్ష? లోపం ఎక్కడుందో తేలిందిగా. ఉన్నచోట మందేసుకోవాలి గానీ, లేనివాణ్ని గుచ్చడం దేనికి?"

ఆ మాట కోపంగా అన్నది కాదు. అందరికీ తెలిసిన సంగతి చెబుతున్నట్టుగా అన్నాడు. ఆమెకి అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఎన్నో ఇళ్లలో జరిగేది ఇదే. గర్భం ఆడదానిది కాబట్టి పరీక్షా ఆమెదే, ఫలితమూ ఆమెదే, ఫలితం బాగోలేకపోతే తప్పూ ఆమెదే.

మర్నాడు ఉదయం బల్ల మీద మూడు గ్లాసులే ఉన్నాయి. టానిక్ తాగొద్దన్నారని అత్తగారు మంచికే ఆమె గ్లాసు తీసేసింది. అయినా ఆ ఖాళీ జాగా చూసి ఆమె తనను ఇంట్లోంచే తీసేసినట్టు బెంగపడింది. తన ఒళ్లు తనకే ఎవరిదో ఇల్లులా తోచింది. ఇన్నాళ్లూ లోపల ఇంకెవరో ఉంటున్నారని తెలియకుండా కాపురం చేసినట్టుంది. నిన్నటి ఆమెకీ ఇవాళ్టి ఆమెకీ తేడా ఏమీ లేదు, ఒక్క మాట తెలిసింది, అంతే. ఒక్క మాట ఇంత బరువు ఎలా ఉంటుంది? ఆ ప్రశ్న కూడా ఆమెని వదల్లేదు.

ఆ వారం జతల బల్లకి పిల్లల బూట్లు వచ్చాయి. బడికి వేసుకునే నల్లటి బూట్లు, ఆమె అరచేతిలో ఇమిడిపోయేవి. మామూలుగా అయితే అవి వస్తే ఆమెకి సంబరం. ఆ రోజు మాత్రం ఒక చిన్న ఎడమకాలి బూటు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

భోజనాల వేళ సున్నం వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అన్నం డబ్బా మూత తీశాడు గానీ తినలేదు.

"మాట్లాడవేం?" అన్నాడు.

"నువ్వు మాట్లాడితే వింటాను."

"ఏం మాట్లాడను? నాకు లేదని తేలితే నువ్వొక్కదానివే అయిపోతావు. ఉందని తేలితే..." అతను ఆగాడు. "ఉందని తేలితే, ఇతన్నెందుకు చేసుకున్నాను, ఇంకెవరినైనా చేసుకుంటే పోయేదిగా అనుకుంటావేమో. తెలియకపోతే కనీసం ఇలాగే ఉంటాం."

"ఇలాగే ఉన్నది నువ్వు. నేను లేను."

అతను తలెత్తి చూశాడు.

ఆమె చేతిలోని చిన్న బూటు అతని ముందు పెట్టింది. "ఇది మంచిదా, కాదా?"

"బాగానే ఉందిగా. రంగు కాస్త తేలికేమో."

"ఆ మాట నేనంటే మా సూపర్‌వైజరక్క చెయ్యి విరగ్గొడుతుంది. ఒంటి బూటు చూసి మంచీ చెడ్డా చెప్పకూడదు ఇక్కడ. రెండోది పక్కకి వచ్చేదాకా నోరు మూసుకోవాలి. మీ ఇంట్లో నన్నొక్కదాన్నే బల్ల మీద పెట్టి తీర్పు చెప్పేశారు. నువ్వేమో పక్కకి రాకుండా అరలో దాక్కున్నావు."

సున్నం మొహంలో ఉన్న కాస్త రంగూ పోయింది. డబ్బా మూత పెట్టేసి, "ఆ డాక్టరమ్మ సూది గట్టిగా గుచ్చుతుందా?" అని అడిగాడు.

"గుచ్చితే ఏడువు. బిస్కెట్లు నేను కొంటాను."

ఫలితం వినడానికి వెళ్లేరోజు అత్తగారు కూడా చీర మార్చుకుని చెప్పులు తొడుక్కుంది. "నేనూ వస్తాను. మా వాడికి ఏమీ లేదని ఆవిడ నా ముందే చెప్పాలి," అంది.

చెప్పింది వేరు. సున్నంలోనూ అదే జన్యువు ఉంది.

అతని చెయ్యి ఆమె చెయ్యిని వెతుక్కుంది. ఇంట్లోవాళ్ల ముందు ఎప్పుడూ చెయ్యి పట్టుకోని మనిషి అమ్మ ఎదురుగానే పట్టుకున్నాడు. ఆమెకి ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఒంటరిగా మోసిన బరువుకి రెండో పక్క ఎవరో చెయ్యి వేసినట్టయింది.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "ప్రతి బిడ్డా అమ్మ నుంచి ఒక జన్యువు, నాన్న నుంచి ఒక జన్యువు తీసుకుంటుంది. రెండూ మంచివే అందుకుంటే ఏ చింతా లేదు. ఒకటి మంచిది, ఒకటి ఇదీ అయితే మీలాగే ఉంటుంది, హాయిగా. రెండు వైపుల నుంచీ ఇదే వస్తే జబ్బు వస్తుంది. దానికి అవకాశం నాలుగో వంతు. కడుపు పండిన ప్రతిసారీ అంతే. మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి రెండో బిడ్డకి రాదనీ కాదు, వస్తుందనీ కాదు."

"వస్తే?" అని సున్నం అడిగాడు.

"ఆ బిడ్డ ఒళ్లు సరిపడా రక్తం తయారుచేసుకోలేదు. తరచూ ఎక్కిస్తూ ఉండాలి, మందులు వాడాలి. ఇప్పుడు అలాంటి పిల్లలు చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. తేలిక అని మాత్రం అనను. కడుపుతో ఉన్నప్పుడే మొదటి నెలల్లో పరీక్ష చేసి చూడొచ్చు. ఇంకా వేరే దారులూ ఉన్నాయి. ఏ దారి మంచిదో నేను చెప్పను. ఏ దారిలో ఏముందో అడిగినన్నిసార్లు చెబుతాను."

అప్పటిదాకా చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్న అత్తగారు, "ఒక్కరి వల్ల రాదా, డాక్టరమ్మా?" అంది.

"రాదమ్మా."

"తల్లి ఒక్కదాని వల్ల?"

"రాదు."

"తల్లి పాలు పడక?"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఎవరి గురించి అడుగుతున్నారు?"

అత్తగారు కొడుకు వైపు చూడలేదు. "వీడికంటే ముందు నాకొక ఆడపిల్ల. పుట్టినప్పుడు బొద్దుగా ఉండేది. నెలలు గడిచేకొద్దీ తెల్లబడిపోయింది. పొట్ట ఉబ్బింది. నాలుగడుగులు వేస్తే కూలబడేది. మూడో ఏడు నిండకుండానే పోయింది. నా పాలు పడలేదన్నారు. మా అత్తగారన్నారు, మా అమ్మ అంది, అందరూ అన్నారు. వీడు పుట్టాక నేను పాలివ్వలేదు. రొమ్ముకి గుడ్డ కట్టుకుని పోతపాలు పట్టాను." ఎన్నోసార్లు లోపల చెప్పుకున్న మాటలు కాబోలు, నునుపెక్కిపోయాయి. "ఈ బీట్‌రూట్, ఆ టానిక్ అంతా అందుకే. ఇంకొకరు తెల్లబడకూడదని."

కోడలు ఆవిడ వైపు తిరిగింది. రోజూ ఉదయం తాము నవ్వుతూ తాగిన గ్లాసు వెనక ఇంత ఉందా?

"ఆ బిడ్డని చూడకుండా ఖాయంగా చెప్పలేను," అంది డాక్టరమ్మ. "మీరు చెప్పిన గుర్తులు మాత్రం ఆ జబ్బువే. మీలోనూ మీ ఆయనలోనూ ఈ జన్యువు ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెబుతాను. మీ పాలలో ఏ తప్పూ లేదు."

అత్తగారు తలూపింది. లేచి నిలబడి, మళ్లీ కూర్చుంది. తర్వాత, ఎన్నేళ్లుగానో ఏడవని మనిషి ఏడ్చినట్టు, శబ్దం లేకుండా భుజాలు కదిలిస్తూ ఏడ్చింది. కోడలు ఆవిడని దగ్గరికి లాక్కుంది.

ఇంటికి వచ్చాక అత్తగారు భర్త ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. జరిగినదంతా ఆయనకి చెప్పింది. తిట్టలేదు, దెప్పలేదు. "మీ అమ్మ నన్ను చూసి మనింటి రంగే అంది. ఆ రంగు చూసే తెచ్చుకున్నారు. ఆ రంగే పిల్లని తీసుకెళ్లిందేమో. నేనొక్కదాన్నే కాదండీ," అంది చివరికి.

మామగారు పేపరు మడిచాడు. మళ్లీ విప్పి, మళ్లీ మడిచాడు. తర్వాత అడిగాడు. "ఆవిడ పొద్దున ఎప్పుడొస్తుంది?"

"ఎవరు?"

"ఆ డాక్టరమ్మే. మనిద్దరం వెళ్దాం."

వెళ్లారు. ఇద్దరిలోనూ ఉందని తేలింది. ఆ రోజు సాయంత్రం మామగారు అటక మీది పెట్టె దింపి, అడుగున ఉన్న పాత ఫోటో ఒకటి తీసి, ముందుగది గోడకి తనే మేకు కొట్టి తగిలించాడు. తెల్లటి మొహం, పెద్ద కళ్లు ఉన్న పాప. ఇంట్లో ఆ బిడ్డ మాట ఎత్తకూడదని ఒకప్పుడు చెప్పింది ఆయనే. కోడలు ఫోటో ముందు నిలబడి ఆడపడుచుని మొదటిసారి చూసింది. ముక్కు అచ్చం సున్నందే.

కొన్నాళ్లకి, భోజనాల దగ్గర, మామగారు గొంతు సవరించుకున్నాడు. "అయితే పిల్లల సంగతి ఏం ఆలోచించారు? నలుగురం ఉన్నాం. కూర్చుని ఏదో ఒకటి తేలుద్దాం."

సున్నం ఆమె వైపు చూశాడు. ఆమె చెయ్యి తుడుచుకుంది. ఇన్నాళ్లూ ఆమె డాక్టరమ్మని అడగని ప్రశ్న లేదు. ప్రతి దారిలో ఎంత దూరం వెళ్లొచ్చో, ఎక్కడ నొప్పి ఉందో, ఎక్కడ ఆగవచ్చో తెలుసుకుంది. అయినా ఆమె దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు చిన్నదే.

"నాకు బిడ్డ కావాలి మామయ్యా. ఇప్పుడే కాదు. కడుపు పండాక మొదటి నెలల్లో పరీక్ష చేయించుకుంటాను. ఫలితం ఎలా ఉంటే ఏం చేస్తానో ఇప్పుడు నాకే తెలియదు. తెలిసినప్పుడు ముందు నీకు..." అని భర్తతో అనబోయి నాలుక కరుచుకుంది. "ముందు ఈయనకి చెబుతాను. మేమిద్దరం మాట్లాడుకుంటాం. అప్పటిదాకా నన్నెవరూ అడగొద్దు."

"అదేంటమ్మా, పెద్దవాళ్లం, ఒక మాట..." అని మామగారు అనబోయాడు.

"మీరు ఆగండి," అంది అత్తగారు.

ఆయన ఆగాడు. ఆవిడ కోడలి కంచంలో అన్నం వడ్డిస్తూ, ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది.

"పెద్దవాళ్లు చెప్పిన మాటలే నేను విన్నాను, ముప్పై ఏళ్లు. తెలుసుకోవడానికి భయపడి అందరం ఒక్కరి మీద తోసేశాం. బిడ్డకి చేరే రక్తం ఇద్దరిదీ అయినప్పుడు పరీక్షా ఇద్దరిదీ, బాధా ఇద్దరిదీ. కడుపున మోసేది మాత్రం నా కోడలు. కాబట్టి అన్నీ తెలుసుకుని ఆఖరి మాట అదే చెబుతుంది, మనం దాని పక్కన నిలబడాలి."